మూడో మెషిన్

పిల్లాడి తల సగమే గొరిగారు.

కుడి చెవి పైనుంచి నడినెత్తి దాకా నున్నగా ఉంది. మిగతా సగం ఒత్తుగా నల్లటి జుట్టు. పైన తెల్లటి కట్టు. నోట్లో గొట్టం. వయసు ఏడు నెలలు. నిన్న సాయంత్రం ఆపరేషన్ జరిగింది. ఇవాళ ఉదయం తొమ్మిది దాటినా కళ్ళు తెరవలేదు.

ఇన్‌స్పెక్టర్ ఐసీయూ అద్దం దగ్గర నిలబడి చూసింది. సర్వీసులో ఆమె శవాలను బోలెడు చూసింది. శవాన్ని చూడటం ఒక రకంగా సులువు. దానికి ఇక జరగాల్సింది ఏమీ ఉండదు. ఈ పిల్లాడికి ఇంకా ఏదైనా జరగొచ్చు. అందుకే అక్కడ ఎక్కువసేపు నిలబడటం ఆమె వల్ల కాలేదు.

స్టేషన్లో ఆమెకు జల్లెడ అని పేరు. మాటల్లో రాళ్ళు ఏరుతుందని పెట్టారు. ఆ సంగతి ఆమెకు తెలియదని అందరి నమ్మకం. ఆమెకు తెలుసు. ఆ పేరు పెట్టిన కానిస్టేబుల్ ఎవరో కూడా తెలుసు. అతను ఇప్పుడు ఆమె పక్కనే, టోపీ చంకలో పెట్టుకుని నిలబడి ఉన్నాడు.

సర్జన్ బయటికి వచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఏం జరిగింది డాక్టర్?"

"అది మీరు తేల్చాలి. ఎక్కడ తగిలిందో మాత్రం నేను చెప్పగలను."

"అదే చెప్పండి."

"కుడి చెవి పైన పుర్రె చిట్లింది. సన్నటి గీత. దాని కింద రక్తనాళం తెగింది. రక్తం చేరి గడ్డకట్టి మెదడుని నొక్కేసింది. గడ్డ తీసేశాం."

"ఎన్ని దెబ్బలు?"

"ఒకటే. ఒళ్ళంతా ఎక్స్‌రే తీశాం. పాత దెబ్బలు లేవు. గిచ్చిన గుర్తు కూడా లేదు."

"పడ్డాడా? కొట్టారా?"

"నడుమెత్తు నుంచి గట్టి నేల మీద పడితే ఇలా అవుతుంది. గోడకేసి కొట్టినా ఇలాగే కావచ్చు. ఎముక అంతకంటే చెప్పదు."

"ఎప్పుడు తగిలింది?"

"నాలుగున్నరకి తీసుకొచ్చారు. అప్పటికి ఐదారు గంటలై ఉంటుంది. ఈ దెబ్బతో వచ్చిన చిక్కే అది. పడగానే ఏడుస్తారు. కాసేపటికి ఊరుకుంటారు. పాలు తాగుతారు, నవ్వుతారు కూడా. ఏమీ కాలేదులే అనుకుంటాం. లోపల రక్తం మెల్లగా చేరుతూనే ఉంటుంది. ఆనక ఒక్కసారిగా వాలిపోతారు."

"పడగానే తెచ్చి ఉంటే?"

సర్జన్ అద్దంలోంచి లోపలికి చూశాడు. "ఈపాటికి నా కళ్ళజోడు లాగుతుండేవాడు."

కానిస్టేబుల్ గొంతు సవరించుకున్నాడు. ఎందుకో అతనికే తెలియదు.

"ఇంకోటి," అన్నాడు సర్జన్. "సాయంత్రం ఐదింటికి గొట్టం తీసి చూస్తాం. తనంతట తాను ఊపిరి తీసుకోవాలి. తీసుకుంటాడని నేను మాటివ్వలేను. ఆ టైముకి తల్లి పక్కన ఉంటే బాగుంటుంది. కానీ ఆవిణ్ణి లోపలికి రానివ్వట్లేదు."

"ఎవరు?"

సర్జన్ కారిడార్ చివరికి గడ్డంతో చూపించాడు.

అక్కడ పిల్లల సంరక్షణ అధికారి కుర్చీలో నిటారుగా కూర్చుని ఉన్నాడు. చెడ్డవాడు కాదు. పిల్లల్ని కొట్టేవాళ్ళని చూసి చూసి, కొట్టనివాళ్ళు కూడా ఉంటారన్న సంగతి మర్చిపోయాడంతే.

"మొదట ఏమీ తెలీదన్నారు," అన్నాడు. "తర్వాత తల్లి ఒకటి చెప్పింది. నాయనమ్మ ఇంకోటి చెప్పింది. రెండూ పొసగవు. ఏం జరిగిందో తేలేదాకా ఇంటివాళ్ళెవరూ లోపలికి వెళ్ళడానికి వీల్లేదు."

"తల్లి కూడానా?"

"ముందు తల్లే. తేలకపోతే, పిల్లాడు కోలుకున్నా ఆ ఇంటికి పంపం."

ఐసీయూ తలుపు పక్కన ఒక మనిషి నేల మీద కూర్చుని ఉంది. ఇన్‌స్పెక్టర్ దగ్గరికి వెళ్ళేసరికి లేచి నిలబడింది. పాతికేళ్ళుంటాయేమో. పాలు పొంగి ఎద మీద బట్ట తడిసిపోయింది. తువ్వాలు అడ్డం పెట్టుకుంది. అదీ తడిసింది.

"ఒక్కసారి పంపండి మేడమ్. ముట్టుకోను. దూరంగా నిలబడి చూసొచ్చేస్తాను. సంకెళ్ళు వేసి పంపినా సరే."

"ముందు నాతో మాట్లాడండి."

"మా అత్తమ్మ మీతో ఏం చెప్పింది?"

ఇన్‌స్పెక్టర్ ఆ ప్రశ్నని గుర్తుపెట్టుకుంది.

ఆస్పత్రివాళ్ళు ఒక చిన్న గది ఇచ్చారు. మందుల అట్టపెట్టెలు ఒక పక్కకి నెట్టి రెండు కుర్చీలు వేశారు.

"ఏం చేస్తుంటారు మీరు?"

"లాండ్రీ. మా సొంతదే. నేను కౌంటర్, మెషిన్లు చూసుకుంటాను. మా ఆయన వ్యాన్ మీద బట్టలు తెచ్చి, ఇచ్చి వస్తాడు. అత్తమ్మ ఇస్త్రీ, మడతలు చూస్తుంది. కొట్టు వెనకే ఇల్లు."

"పిల్లాణ్ణి ఎవరు చూస్తారు?"

"ఎవరి చేతులు ఖాళీగా ఉంటే వాళ్ళు."

"నిన్న ఏం జరిగింది?"

"నా చేతిలోంచి జారిపోయాడు. బాత్రూంలో. తలకి పోసి తుడుస్తుంటే."

"ఎన్నింటికి?"

"పదకొండు... పదకొండుకి."

"ఏ వైపు పడ్డాడు?"

"కుడి."

"మీరు కూర్చున్నారా? నిలబడ్డారా?"

"కూర్చున్నా. కాదు, నిలబడ్డా."

"సబ్బు తలకి రాశారా?"

"రాశాను."

"బాగా కడిగారా?"

"కడిగాను మేడమ్. ఇవన్నీ ఎందుకు? నేనే పడేశానని చెబుతున్నాను కదా. నన్ను తీసుకెళ్ళండి. వెళ్ళేముందు ఒక్కసారి వాణ్ణి చూడనివ్వండి."

"మీ అత్తమ్మ అప్పుడెక్కడుంది?"

"ఆవిడ అసలు అటు రాలేదు!" ఆ మాట చాలా గట్టిగా వచ్చింది. కానిస్టేబుల్ ఉలిక్కిపడ్డాడు.

తరువాత అత్తగారిని పిలిచారు. అరవై దాటిన మనిషి. ఇస్త్రీ బల్ల దగ్గర ఏళ్ళ తరబడి నిలబడటంతో కాళ్ళు వాచి ఉన్నాయి. లోపలికి వస్తూనే మొదలుపెట్టింది.

"నేనే చేశాను. రాసుకోండి. ఎక్కడ సంతకం పెట్టమంటారు?"

"కూర్చోండమ్మా."

"కూర్చోడానికి రాలేదు. నా కోడలు ఏం చెప్పిందో అది చెప్పండి ముందు."

"మీరు చెప్పండి."

"ఏముంది చెప్పడానికి? పీట మీద కూర్చుని వాణ్ణి ఒళ్ళో వేసుకున్నాను. కునుకు పట్టింది. జారాడు. ముసలిదాన్ని, కళ్ళు ఆనవు. అయిపోయింది."

"పీట ఎంత ఎత్తు?"

ఆమె నేలకి జానెడు పైన అరచెయ్యి పెట్టి చూపించింది. చూపించాక చేతిని ఇంకాస్త పైకి ఎత్తింది. ఇన్‌స్పెక్టర్ ముఖం చూసి, ఇంకాస్త ఎత్తింది.

"ఆ పీట పెరుగుతోందమ్మా," అంది ఇన్‌స్పెక్టర్.

ముసలావిడ నవ్వలేదు. చేతిని దించేసింది.

"పడగానే ఎవరికైనా చెప్పారా?"

"లేదు."

"ఎందుకు?"

"భయం."

"ఎవరంటే?"

ముసలావిడ కళ్ళు తలుపు వైపు వెళ్ళాయి. తలుపు అవతల ఆమె కొడుకు పచార్లు చేస్తున్నాడు.

ఆమె వెళ్ళిపోయాక కానిస్టేబుల్ తల గోక్కున్నాడు. "ఇదేం విడ్డూరం మేడమ్? నేను కాదంటే నేను కాదని తప్పించుకునేవాళ్ళతోనే ఇన్నాళ్ళూ వేగాం. నేనంటే నేనని పోటీపడేవాళ్ళని ఇప్పుడే చూస్తున్నా."

"ఇద్దరూ అబద్ధమే చెబుతున్నారు. అబద్ధం చెప్పడం ఇద్దరికీ చేతకాదు. ఇద్దరూ మొదట అడిగింది రెండో మనిషి గురించి."

"అయితే మొగుడే. చూశారా ఆ చూపు? వాణ్ణి కాపాడటానికే ఇద్దరూ నాటకమాడుతున్నారు."

భర్తని పిలిచారు. ముప్ఫై ఏళ్ళుంటాయి. గడ్డం మాసింది. కూర్చోలేదు.

"నిన్న పొద్దున ఎక్కడున్నారు?"

"వ్యాన్ మీద. తొమ్మిదికి వెళ్ళాను. పదిన్నరకి కొట్టుకొచ్చి బట్టలు దింపి, మళ్ళీ వెంటనే వెళ్ళాను. వచ్చేసరికి మూడు దాటింది. పిల్లాడు పడుకున్నాడన్నారు. నాలుగింటికి వాంతి చేసుకున్నాడు. ఎత్తుకుంటే మెడ వాల్చేశాడు."

"మీ ఆవిడ మీద మీకేమైనా అనుమానమా?"

"అనుమానం ఏమిటి? తనే ఒప్పుకుంది కదా." అతను కిటికీ వైపు తిరిగాడు. "రెండు నెలల కిందట మంచం మీంచి దొర్లి పడ్డాడు. దుప్పట్ల మీద పడ్డాడు కాబట్టి సరిపోయింది. అప్పుడే అన్నాను, అసలు నువ్వు తల్లివేనా అని. నలుగురిలో అన్నాను. మా అమ్మ కూడా నన్ను తిట్టింది. నిన్న ఇదే కారిడార్‌లో మళ్ళీ అదే మాట అన్నాను."

గొంతులో కోపం ఉంది. కోపం కింద ఇంకేదో ఉంది. ఇన్‌స్పెక్టర్ దాన్ని కదపలేదు.

ఆమె నేరుగా నర్సు దగ్గరికి వెళ్ళింది. తల గొరిగింది ఆ నర్సే.

"జుట్టు ఎలా ఉంది? తడిగా ఉందా? సబ్బు వాసనొచ్చిందా?"

"లేదు మేడమ్. దుమ్ము దుమ్ముగా ఉంది. కుడివైపు ఏవో పలుకులు అంటుకున్నాయి. నీలం రంగువి. గొరుగుతుంటే నీళ్ళు తగిలి నురగొచ్చింది. ఏ పౌడరో అనుకున్నాను."

పదకొండింటికి తలంటు పోసి కడిగిన పిల్లాడి జుట్టులో, నాలుగున్నరకి దుమ్మూ నీలం పలుకులూ ఉన్నాయి.

ఇన్‌స్పెక్టర్ గడియారం చూసుకుంది. ఒంటిగంట.

"జీపు తియ్యి. అతన్ని కూడా ఎక్కించు. కొట్టు చూడాలి."

జీపు ఆస్పత్రి గేటు దాటుతుంటే భర్త వెనక్కి తిరిగి మూడో అంతస్తు కిటికీల్ని చూశాడు.

కొట్టు షట్టర్ సగం దించి ఉంది. నిన్న సాయంత్రం ఎలా వదిలేశారో అలాగే ఉంది. కౌంటర్ మీద రసీదు పుస్తకం, పక్కన మూత తియ్యని టీ ఫ్లాస్కు. లోపల ఇస్త్రీ బల్ల, దాని మీద సగం మడిచిన దుప్పటి. తీగల మీద బట్టలు బారులు తీరి వేలాడుతున్నాయి. ఎదురుగా గోడ వారగా నాలుగు పెద్ద మెషిన్లు. నడుమెత్తు ఉన్నాయి. పైభాగం బల్లలా చదునుగా ఉంది. కింద నున్నటి సిమెంటు నేల.

ఏదో వాసన వస్తోంది. మురిగిన తడి వాసన.

"లాండ్రీలో ఈ వాసనేమిటి?" అంది ఇన్‌స్పెక్టర్.

భర్త కూడా ముక్కు ఎగబీల్చాడు. ముఖం చిట్లించాడు. తన కొట్లో ఆ వాసన రావడం అతనికే నామోషీగా ఉంది.

ఒకటో మెషిన్ ఖాళీ. రెండోది ఖాళీ. నాలుగోది ఖాళీ. మూడోదాని తలుపు మూసి ఉంది. గుండ్రటి అద్దంలోంచి ఏదో నల్లగా ముద్దలా కనిపిస్తోంది.

"తడి బట్టలు డ్రమ్ములో రాత్రంతా వదిలేస్తారా?"

"ఛ! వాసన పట్టేస్తాయి. ఎంత పనున్నా తీసి ఆరేశాకే తలుపేస్తాం."

"నిన్న వేసింది ఇంకా ఇక్కడే ఉంది మరి."

"గొడవలో మర్చిపోయి ఉంటారు."

"పిల్లాడు వాలిపోయింది నాలుగింటికి కదా? ఇది ఎప్పుడు వేసింది?"

"పదిన్నరకి. నేనే వేశాను." అతను ఆగాడు. "పదకొండుంబావుకల్లా అయిపోవాలి."

అంటే పదకొండు నుంచి నాలుగు దాకా, ఇద్దరు చేయితిరిగిన ఆడవాళ్ళు ఆ మెషిన్ పక్కనుంచే నడిచారు. ఒక్కరూ దాన్ని తెరవలేదు.

ఇన్‌స్పెక్టర్ గోడ వైపు చూసింది. నాలుగు స్విచ్చులు వరుసగా ఉన్నాయి. మూడు వేసే ఉన్నాయి. మూడో మెషిన్ స్విచ్ ఒక్కటే ఆపేసి ఉంది.

"మెషిన్ ఆపాలంటే ఏం చేస్తారు?"

"ముందున్న బటన్ నొక్కుతాం."

"గోడ స్విచ్?"

"దాని జోలికి పోం. ఎప్పుడూ వేసే ఉంటుంది."

"మీ ఆవిడా?"

"తనకి బటన్లన్నీ కొట్టిన పిండి. పెళ్ళికి ముందు ఇక్కడే పనిచేసేది. మా అమ్మే ముచ్చటపడి కోడల్ని చేసుకుంది."

"మీ అమ్మగారు?"

"అమ్మకి మెషిన్లంటే భయం. బటన్లు తెలీవు..." మాట మధ్యలో ఆగిపోయింది.

ఇన్‌స్పెక్టర్ ఇస్త్రీ బల్ల వెనక్కి వెళ్ళింది. అక్కడ ఒక బేబీ సీటు ఉంది. వ్యాన్‌లో పిల్లాణ్ణి కూర్చోబెట్టే బుట్టలాంటి సీటు. పైన గుడ్డ కవరు లేదు. వట్టి ప్లాస్టిక్. కుడి పక్క అంచు గీరుకుపోయింది. గీతల్లో సిమెంటు పొడి తెల్లగా ఇరుక్కుని ఉంది.

"దీని కవరేది?"

కానిస్టేబుల్ తీగలన్నీ చూసుకుంటూ పోయి, రెండు తెల్ల దుప్పట్ల మధ్య పసుపురంగు చిన్న కవరు పట్టుకున్నాడు. ఉతికి ఆరేసింది. లాండ్రీలో ఉతికిన గుడ్డని ఎవరు పట్టించుకుంటారు?

"ఈ డ్రమ్ములో ఏం వేశారు?"

భర్త పెదవులు తడుపుకున్నాడు. "డోర్‌మ్యాట్లు. కింద రబ్బరుంటుంది."

"మామూలుగా వీటిని మెషిన్‌లో వేస్తారా?"

"వెయ్యం. నీళ్ళు పట్టి అన్నీ ఒక పక్కకి చేరతాయి. స్పిన్‌కి వచ్చేసరికి మెషిన్ ఎగిరెగిరి పడుతుంది. చేత్తోనే ఉతుకుతాం. నిన్న ఒక ఆఫీసువాళ్ళు మధ్యాహ్నానికే కావాలని ప్రాణం తీశారు. ఈ ఒక్కసారికి ఏమవుతుందిలే అని వేసేశాను."

"మీ ఆవిడకి చెప్పారా?"

"లేదు. తిడుతుంది."

"పిల్లాడంత బరువున్నది ఇక్కడ ఏదైనా ఉందా?"

అతను అర్థంకానట్టు చూశాడు. తరువాత వంగి, సబ్బుపొడి సంచి ఒకటి ఎత్తాడు. కొంచెం ఒంపేశాడు. రెండు చేతుల్లో పట్టుకుని పైకీ కిందికీ ఆడించి చూశాడు. పిల్లాణ్ణి ఎత్తుకున్నట్టే భుజానికి ఆనించుకున్నాడు.

"ఇంతే ఉంటాడు," అన్నాడు.

ఇన్‌స్పెక్టర్ సంచిని సీటులో పెట్టింది. సీటుని మూడో మెషిన్ పైన, మధ్యలో పెట్టింది. గోడ దగ్గరికి వెళ్ళి స్విచ్ వేసింది. కరెంటు పోయి వచ్చినా ఆగిన చోటి నుంచే అందుకునే మెషిన్ అది. లైటు వెలిగింది. డ్రమ్ము కదిలింది.

మొదట చిన్న గుర్రు. జోకొట్టినట్టు ఉంది.

తరువాత వేగం పెరిగింది. మెషిన్ ఊగింది. కాళ్ళు నేలని టకటక తన్నాయి. సీటు బెత్తెడు జరిగింది. ఆగింది. మళ్ళీ జరిగింది. ఎవరో కనపడని చేత్తో నెడుతున్నట్టు కుడి అంచు దాకా పోయింది. భర్త చేతులు ముందుకు చాచాడు.

"ముట్టుకోకండి," అంది ఇన్‌స్పెక్టర్.

సీటు కుడివైపుకి ఒరిగి సిమెంటు నేల మీద పడింది. సంచి పగిలింది. నీలం పలుకులు నేలంతా చిమ్మాయి.

కానిస్టేబుల్ పరుగున వెళ్ళి స్విచ్ ఆపాడు.

భర్త ఆ పొడిలోనే కూలబడ్డాడు. "వాడు దీని మీద పెడితేనే పడుకుంటాడు మేడమ్. కడుపులో ఉన్నప్పటి నుంచీ ఈ చప్పుడే కదా. ఊయల్లో వేస్తే ఏడుస్తాడు. బెల్టు పెట్టినా ఏడుస్తాడు. మెల్లగా తిరిగేటప్పుడు ఇక్కడ పెట్టి, స్పిన్‌కి ముందే తీసేస్తాం. అందరం పెడతాం. నేనూ పెడతాను."

"ఈ సంగతి నిన్ననే ఎందుకు చెప్పలేదు?"

"బాత్రూంలో జారాడంది. నమ్మేశాను. తిట్టడమే సరిపోయింది నాకు."

నాలుగింటికి ఆస్పత్రికి తిరిగొచ్చారు. ఇన్‌స్పెక్టర్ నలుగురినీ ఆ మందుల గదిలోకి పిలిచింది. అత్త, కోడలు, కొడుకు, అధికారి. కుర్చీలు చాలలేదు. ఎవరూ కూర్చోలేదు.

"ఎవరి మీదా కేసు పెట్టడానికి పిలవలేదు," అంది. "నిన్న ఏం జరిగిందో నేను చెబుతాను. తప్పయితే ఆపండి."

కోడలి వైపు తిరిగింది. "పదకొండుకి కొంచెం ముందు మీరు పిల్లాణ్ణి సీటులో వేసి మూడో మెషిన్ మీద పెట్టారు. మెల్లగా తిరుగుతోంది. కౌంటర్ దగ్గరికి ఎవరో వచ్చారు. మామూలు బట్టలే అనుకున్నారు కాబట్టి తొందర పడలేదు. లోపల రబ్బరు డోర్‌మ్యాట్లున్నాయని మీకు తెలీదు. అవునా?"

కోడలు భర్త ముఖంలోకి చూసింది. అతను తల వంచుకున్నాడు.

"స్పిన్ మొదలైంది. సీటు జరిగి పడింది. నేల మీద సబ్బుపొడి ఉంది. అదే పిల్లాడి జుట్టుకి అంటుకుంది. చప్పుడు విని మొదట పరిగెత్తుకొచ్చింది మీరు." ఈసారి అత్తగారి వైపు తిరిగింది. "మెషిన్ ఇంకా దడదడలాడుతోంది. మీకు బటన్లు తెలీవు. గోడ స్విచ్ ఆపేశారు. పిల్లాణ్ణి ఎత్తుకున్నారు. ఏడ్చాడు, ఊరుకున్నాడు. సీటు కవరు ఉతికి ఆరేశారు. మెషిన్ తలుపు మాత్రం తెరవలేకపోయారు. మళ్ళీ దాని దగ్గరికి వెళ్ళాలంటే భయమేసింది."

"కవరు మీద కాస్త పాలు కక్కాడు," అంది ముసలావిడ. ఒప్పుకున్నట్టు కూడా లేదు, కవరు గురించి చెబుతున్నట్టే ఉంది. "రెండు నెలల కిందట వీడు దీన్ని నలుగురిలో ఆ మాటన్నాడు. పిల్ల అన్నం మానేసి మూల కూర్చుంది. మళ్ళీ ఆ మాట పడనివ్వకూడదనుకున్నాను. పిల్లాడు బానే ఉన్నాడు కదా అనుకున్నాను. నవ్వాడు కూడా. నా ముక్కు పట్టుకుని నవ్వాడు."

"మీరు కౌంటర్ నుంచి వచ్చేసరికి పిల్లాడు అత్తమ్మ ఒళ్ళో పడుకుని ఉన్నాడు," అంది ఇన్‌స్పెక్టర్ కోడలితో. "నిద్రపోయాక ఆవిడే దింపిందనుకున్నారు. బట్టలు కూడా ఆవిడే తీసి ఆరేసిందనుకున్నారు. చెవి పైన వాపు ఎప్పుడు చూశారు?"

"రెండింటికి. మెత్తగా తగిలింది." కోడలి మాట వినపడీ వినపడనట్టుంది. "అత్తమ్మ ముఖం తిప్పుకుంది. తన చేతిలోంచే జారాడనుకున్నాను. అడిగితే సిగ్గుతో చచ్చిపోతుంది. ఆయనకి తెలిస్తే కన్నతల్లి అని కూడా చూడడు. తడిగుడ్డ వేసి ఊరుకున్నాను. సాయంత్రానికి తగ్గుతుందనుకున్నాను."

"ఒకరికోసం ఒకరు నోరు మూసుకున్నారు," అంది ఇన్‌స్పెక్టర్. ఆమెకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియక అది ఇంకా పెరిగింది. "ఆ పడటం ప్రమాదం. అందులో నేరం లేదు. అదే నేను రాసి ఇస్తాను. ఇక వీళ్ళని ఆపడానికి మీకేమైనా కారణముందా సార్?"

అధికారి లేదన్నట్టు తలూపాడు. "ఒక్కొక్కరే లోపల ఉండాలి. ముందు తల్లి."

పొద్దుటి నుంచీ సంకెళ్ళు వేసైనా పంపమన్న మనిషి అంగుళం కదల్లేదు.

"నేను వెళ్ళను."

"అదేంటమ్మా?" అంది ఇన్‌స్పెక్టర్.

"పెట్టింది నేనే కదా. నేనే పెట్టాను. నా చేతుల్తో." చేతులు రెండూ వెనక్కి దాచుకుంది. "అత్తమ్మ వల్ల అనుకుని ధైర్యంగా అబద్ధం చెప్పాను. నేనే చేశానని తెలిశాక ఏ ముఖం పెట్టుకుని వెళ్ళను?"

భర్త ఒక అడుగు ముందుకేశాడు. "మ్యాట్లు వేసింది నేను. నిన్ను అన్న మాట..." పూర్తి చెయ్యలేకపోయాడు. ఆమె అతని వైపు చూడలేదు.

ముసలావిడ కోడలి భుజం పట్టుకుని ఒక్క కుదుపు కుదిపింది. "పొద్దుట్నుంచీ ఆ తలుపు పట్టుకుని వేలాడావే, ఇప్పుడేమైంది నీకు? ఐదవుతోంది. గొట్టం తీసేస్తారట. వాడు ఒక్కడే ఉంటాడా అక్కడ? పద!"

తోసుకుంటూ తలుపు దాకా తీసుకెళ్ళింది. నర్సు కోడలికి గౌను తొడిగింది. తలుపు మూసుకుంది.

భర్త అద్దం దగ్గర నిలబడ్డాడు. లోపల తెర లాగేశారు. ఏమీ కనపడదు. అయినా నిలబడ్డాడు.

ముసలావిడ కుర్చీలో కూర్చుంది. ఇన్‌స్పెక్టర్ పక్కన కూర్చుంది. వెళ్ళిపోవచ్చు. పని అయిపోయింది. కానిస్టేబుల్ జీపు తాళాలు చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. ఆమె లేవలేదు.

"అమ్మా, ఒకటి అడుగుతాను," అంది ముసలావిడ. "పదకొండింటికే నేను కేకేసి ఉంటే?"

సర్జన్ అన్న మాట ఇన్‌స్పెక్టర్‌కి గుర్తుంది. అబద్ధం చెప్పడం చాలా తేలిక. కానీ పొద్దుటి నుంచీ ఈ మనిషిని నిజం చెప్పమని పీడించింది తనే.

"బాగయ్యేవాడమ్మా. చాలావరకు."

ముసలావిడ తలూపింది. ఏడవలేదు. "ఎవరూ చెప్పట్లేదు. అందుకే అడిగాను." వాచిన కాళ్ళని కుర్చీ కిందికి లాక్కుంది. "ఇంక ఈ జన్మకి వాడి ముఖం చూడకూడదు నేను."

ఐదున్నర దాటాక తలుపు తెరుచుకుంది.

కోడలు బయటికి వచ్చింది. భర్త రెండడుగుల్లో ఆమె ముందుకొచ్చాడు. అధికారి లేచాడు. అందరూ ఆమె నోటినే చూస్తున్నారు.

"గొట్టం తీశారు. ఊపిరి తీసుకుంటున్నాడు. తనే తీసుకుంటున్నాడు." మాట్లాడుతూ తానే రొప్పుతోంది. "కళ్ళు తెరవలేదు. పిలిచినా తెరవలేదు. రాత్రికి ఏమవుతుందో చెప్పలేమంటున్నారు."

"మరి బయటికెందుకొచ్చావు?" అన్నాడు భర్త. "వెళ్ళు. లోపలే ఉండు."

ఆమె అతన్ని దాటుకుని కుర్చీల దగ్గరికి వచ్చింది. గౌను విప్పింది. దాన్ని అత్తగారి ముందు పట్టుకుంది.

"ఒక్కొక్కరే ఉండాలట. నువ్వెళ్ళు అత్తమ్మా."

"నేనా?" ముసలావిడ గౌనుని ముట్టుకోలేదు. "నేనొద్దే తల్లీ. ఐదు గంటలు నోరు మూసుక్కూర్చున్న దాన్ని. నన్ను పంపకు."

"నేనూ మూసుక్కూర్చున్నా కదా. లే."

ముసలావిడ లేచింది. కోడలే ఆమె చేతులు ఒక్కొక్కటీ పట్టుకుని గౌనులోకి దూర్చింది. వెనక ముడి వేసింది. తలుపు దాకా వెళ్ళి, అది మూసుకునేదాకా నిలబడి, తిరిగొచ్చి ఆమె ఖాళీ చేసిన కుర్చీలో కూర్చుంది.